అన్‌ఎక్స్‌పాండ్: స్పేస్‌లను ట్యాబ్‌లుగా మార్చే కమాండ్‌ను సరిగ్గా వాడడం ఎలా

ఎక్కడో చూసిన మేక్‌ఫైల్‌ని (ప్రోగ్రాంను ఎలా తయారుచేయాలో మేక్ అనే కమాండ్‌కు చెప్పే ఫైలు) కాపీ చేసి తెచ్చుకుంటాం. మేక్ అని కొట్టగానే "మిస్సింగ్ సెపరేటర్" అంటూ ఆగిపోతుంది. ఫైలు తెరిచి చూస్తే తప్పేమీ కనిపించదు. కనిపించదు కూడా, ఎందుకంటే తప్పు ఉన్నది ఖాళీ జాగాలో. లైను మొదట్లో ట్యాబ్ ఉండాల్సిన చోట నాలుగు స్పేస్‌లు ఉన్నాయి. ఒక్కో లైను మొదటికీ వెళ్లి చేత్తో సరిచేయొచ్చు. పది లైన్లయితే ఫర్వాలేదు, మూడొందలయితే ఓపిక చాలదు.

ఆ పని కోసం యూనిక్స్ కుటుంబంలో పాత కమాండ్ ఒకటుంది, దాని పేరు అన్‌ఎక్స్‌పాండ్. ట్యాబ్‌లను స్పేస్‌లుగా విప్పేది ఎక్స్‌పాండ్, స్పేస్‌లను మళ్లీ ట్యాబ్‌లుగా మడిచేది అన్‌ఎక్స్‌పాండ్. రెండూ యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాలైన పోసిక్స్ ప్రమాణంలో ఉన్నాయి కాబట్టి లినక్స్‌లో, మ్యాక్‌లో, బీఎస్‌డీల్లో దేన్లోనైనా ముందే ఉంటాయి, విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. విండోస్ వాళ్లకు, విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంటే చాలు.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. అన్‌ఎక్స్‌పాండ్ మొత్తం ఒకే పదం: యు, ఎన్, ఇ, ఎక్స్, పి, ఎ, ఎన్, డి. ఫైలు పేర్లు తెలుగులో ఉన్నా టెర్మినల్‌కు అభ్యంతరం లేదు.

ముందు ఒక్క విషయం అర్థం కావాలి

చాలామంది "ఒక ట్యాబ్ అంటే నాలుగు స్పేస్‌లు" అనో, "ఎనిమిది స్పేస్‌లు" అనో అనుకుంటారు. రెండూ తప్పే. ట్యాబ్ ఒక్క అక్షరం, ఆస్కీలో దాని సంఖ్య 9. స్పేస్ సంఖ్య 32. ట్యాబ్‌కు సొంత వెడల్పు లేదు. "తర్వాతి ట్యాబ్ స్టాప్ దాకా జరుగు" అని మాత్రమే దాని అర్థం. స్టాప్‌లు ఎనిమిదికి ఒకటి చొప్పున ఉన్నాయనుకుంటే, లైను మొదట్లో ఉన్న ట్యాబ్ ఎనిమిది గళ్లు జరుపుతుంది. మూడు అక్షరాల తర్వాత వచ్చే ట్యాబ్ ఐదే జరుపుతుంది. ఏడు అక్షరాల తర్వాత వస్తే ఒక్క గడి.

అన్‌ఎక్స్‌పాండ్ కూడా స్పేస్‌లను లెక్కపెట్టి మార్చదు. గళ్లను లెక్కపెడుతుంది. వరసగా ఉన్న స్పేస్‌లు ఒక స్టాప్‌ను తాకితే, స్టాప్ దాకా ఉన్నవాటిని ఒక ట్యాబ్‌గా మడుస్తుంది. తాకకపోతే ఉన్నవి ఉన్నట్టే వదిలేస్తుంది. కింద కనిపించే వింతలన్నీ ఈ ఒక్క సూత్రం నుంచి వచ్చేవే.

కనిపించనిదాన్ని కనిపించేలా చేయడం

ప్రయోగానికి చిన్న ఫైలు కావాలి. మూడు లైన్లు, వాటి ముందు వరసగా 4, 8, 12 స్పేస్‌లు:

```
ప్రింట్ఎఫ్ '    100\ఎన్        200\ఎన్            300\ఎన్' > నమూనా
```

ఇప్పుడు దాన్ని అన్‌ఎక్స్‌పాండ్‌కు ఇచ్చి, వచ్చినదాన్ని, టెక్స్ట్‌ను తెర మీద చూపించే క్యాట్ కమాండ్ గుండా చూద్దాం. క్యాట్‌కు హైఫన్ టి ఇస్తే ట్యాబ్ ఉన్నచోట టోపీ గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు ఐ చూపిస్తుంది. లినక్స్, మ్యాక్ రెండింట్లోనూ ఇది పనిచేస్తుంది.

```
అన్‌ఎక్స్‌పాండ్ నమూనా | క్యాట్ -టి
```

వచ్చేది ఇది:

```
    100
^ఐ200
^ఐ    300
```

మొదటిసారి వాడినవాళ్లు ఇక్కడే తెల్లబోతారు. మొదటి లైను మారలేదు, రెండోది మారింది, మూడోది సగమే మారింది. కమాండ్‌లో లోపమేమీ లేదు. మీరు చెప్పకపోతే స్టాప్‌లు ఎనిమిదికి ఒకటి అనే అనుకుంటుంది. నాలుగు స్పేస్‌లు ఎనిమిదో గడిని తాకలేదు కాబట్టి వదిలేసింది. పన్నెండులో ఎనిమిది తాకాయి, నాలుగు మిగిలాయి.

నాలుగు స్పేస్‌ల ఇండెంట్ (లైను మొదట్లో వదిలే ఖాళీ) ఉన్న ఫైలు మీద ఏ ఆప్షనూ లేకుండా అన్‌ఎక్స్‌పాండ్ నడిపితే ఇలా సగం స్పేస్‌లు, సగం ట్యాబ్‌ల కలగూరగంప తయారవుతుంది. అది పైథాన్ ఫైలయితే పైథాన్ 3 ట్యాబ్ ఎర్రర్ ఇచ్చి నడవడానికే ఒప్పుకోదు.

స్టాప్‌లు చెప్పడం, దాని వెనక ఉన్న గోతి

స్టాప్‌లు ఎంత దూరంలో ఉండాలో హైఫన్ టి తో చెబుతాం:

```
అన్‌ఎక్స్‌పాండ్ -టి 4 నమూనా | క్యాట్ -టి
```

ఇప్పుడు మూడు లైన్లకూ ముందు ఒకటి, రెండు, మూడు ట్యాబ్‌లు చక్కగా వస్తాయి. చాలామంది ఇక్కడితో ఆపేసి సంతోషిస్తారు. అసలు గొయ్యి ఆ తర్వాతే ఉంది.

ఆప్షన్ ఏదీ ఇవ్వకపోతే అన్‌ఎక్స్‌పాండ్ లైను మొదట్లో ఉన్న ఖాళీలను మాత్రమే ముట్టుకుంటుంది. హైఫన్ ఎ ఇస్తే లైను మధ్యలో ఉన్నవాటినీ మారుస్తుంది. ఇక్కడిదాకా సబబుగానే ఉంది. కానీ లినక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ వెర్షన్‌లో హైఫన్ టి ఇచ్చారంటే హైఫన్ ఎ కూడా ఇచ్చినట్టే లెక్క. పోసిక్స్ చెప్పేది కూడా అదే. మీరు అడిగింది స్టాప్ దూరం ఒక్కటే, అది మాత్రం లైను మొత్తం దువ్వేస్తుంది.

ఈ రెండు లైన్లు చూడండి. మొదటిదాంట్లో 12 తర్వాత రెండు స్పేస్‌లు, రెండోదాంట్లో 1 తర్వాత రెండు స్పేస్‌లు:

```
12  34
1  234
```

హైఫన్ టి 4 తో నడిపితే మొదటి లైనులో స్పేస్‌లు పోయి ట్యాబ్ వస్తుంది, ఎందుకంటే రెండో స్పేస్ నాలుగో గడి దగ్గర సరిగ్గా ఆగింది. రెండో లైను మారదు, ఆ ఖాళీ మూడో గడి దగ్గరే అయిపోయింది. ఇప్పుడు ఆ 12, 34 మీ ప్రోగ్రాంలో కొటేషన్ల మధ్య ఉన్న స్ట్రింగ్ అనుకోండి. అన్‌ఎక్స్‌పాండ్‌కు కొటేషన్లంటే ఏమిటో తెలియదు. స్ట్రింగ్ లోపల ట్యాబ్ దూరుతుంది, అదీ కొన్ని లైన్లలోనే. టెస్టుల్లో ఒకటి ఫెయిలై, రెండోది పాసై, ఎందుకో అర్థం కాక మీరు గంటసేపు తల పట్టుకుంటారు. నేను పట్టుకున్నాను.

మధ్యలో ఒక్కటే స్పేస్ ఉంటే మాత్రం భయం లేదు. అది స్టాప్‌ను తాకినా ట్యాబ్‌గా మారదు. కనీసం రెండుండాలి.

ఈ గోతికి అడ్డుకట్ట గ్నూ వెర్షన్‌లోనే ఉంది:

```
అన్‌ఎక్స్‌పాండ్ --ఫస్ట్-ఓన్లీ -టి 4 నమూనా
```

రెండు హైఫన్లు, ఫస్ట్, ఒక హైఫన్, ఓన్లీ. హైఫన్ టి ఉన్నా సరే, లైను మొదట్లో ఉన్న ఖాళీల దగ్గరే ఆగమని దీనర్థం. ఆప్షన్లలో ఏది ముందు, ఏది వెనక అనే పట్టింపు లేదు. సోర్స్ కోడ్ మీద అన్‌ఎక్స్‌పాండ్ వాడేటప్పుడు నేను దీన్ని లేకుండా ఎప్పుడూ నడపను, మీరూ నడపకండి.

మ్యాక్‌తో వచ్చే అన్‌ఎక్స్‌పాండ్ బీఎస్‌డీ తరహాది. దానికి ఇలాంటి పొడుగు ఆప్షన్లు తెలియవు. మ్యాక్‌లో ప్రోగ్రాంలు తెచ్చిపెట్టే హోమ్‌బ్రూ ద్వారా కోర్‌యుటిల్స్ అనే గ్నూ కమాండ్ల ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకుంటే గ్నూ వెర్షన్ జి అక్షరం ముందు తగిలించుకుని, జి-అన్‌ఎక్స్‌పాండ్‌గా వస్తుంది. కొట్టేటప్పుడు జి పక్కన హైఫన్ ఉండదు.

ఫైలులో సేవ్ చేయడం

అన్‌ఎక్స్‌పాండ్ ఫైలును మార్చదు. ఫలితాన్ని తెర మీద రాస్తుంది, అంతే. అందుకని వెంటనే చేయాలనిపించే పని ఇది:

```
అన్‌ఎక్స్‌పాండ్ --ఫస్ట్-ఓన్లీ -టి 4 కోడ్.సి > కోడ్.సి
```

దయచేసి ఇది కొట్టకండి. బాణం గుర్తు చూడగానే, మనం కొట్టిన కమాండ్లను నడిపే షెల్ ముందుగా కోడ్.సి ని ఖాళీ చేసి పెడుతుంది. అన్‌ఎక్స్‌పాండ్ మొదలయ్యేది ఆ తర్వాతే. చదవడానికి దానికేమీ మిగలదు. ఏ ఎర్రరూ రాదు, మీ చేతిలో సున్నా బైట్ల ఫైలు ఉంటుంది. ఒకప్పుడు ఇలాగే సాయంత్రం దాకా రాసిన ఫైలు పోగొట్టుకున్నాను, గిట్‌లో (ఫైళ్ల పాత వెర్షన్లను దాచిపెట్టే పనిముట్టు) కమిట్ చేసి, అంటే భద్రపరచి కూడా లేదప్పటికి.

సరైన పద్ధతి, వేరే ఫైల్లోకి రాసి తర్వాత వెనక్కి తేవడం:

```
అన్‌ఎక్స్‌పాండ్ --ఫస్ట్-ఓన్లీ -టి 4 కోడ్.సి > తాత్కాలికం && క్యాట్ తాత్కాలికం > కోడ్.సి
```

మధ్యలో ఉన్న రెండు యాంపర్‌సాండ్లు "మొదటిది సవ్యంగా జరిగితేనే రెండోది చేయి" అని చెబుతాయి. ఎంవీ తో పేరు మార్చేస్తే పోయేదిగా అనిపించొచ్చు. అలా చేస్తే కొత్త ఫైలు కొత్త పర్మిషన్లతో వస్తుంది, షెల్ స్క్రిప్టుకు ఉన్న ఎగ్జిక్యూట్ పర్మిషన్ పోతుంది. క్యాట్ తో పాత ఫైల్లోకే పోస్తే పర్మిషన్లు అలాగే ఉంటాయి.

మోర్‌యుటిల్స్ అనే ప్యాకేజీలో స్పాంజ్ అని ఒకటి ఉంది. వచ్చేదంతా పీల్చుకుని, అయిపోయాకే ఫైలు రాస్తుంది, కాబట్టి తాత్కాలిక ఫైలు అవసరముండదు:

```
అన్‌ఎక్స్‌పాండ్ --ఫస్ట్-ఓన్లీ -టి 4 కోడ్.సి | స్పాంజ్ కోడ్.సి
```

చాలా ఫైళ్లుంటే లూప్ వేయాలి. ఫైలు పేర్లలో స్పేస్‌లు ఉండొచ్చు కాబట్టి డాలర్ ఎఫ్ చుట్టూ కొటేషన్లు తప్పనిసరి:

```
ఫర్ ఎఫ్ ఇన్ *.సి; డూ అన్‌ఎక్స్‌పాండ్ --ఫస్ట్-ఓన్లీ -టి 4 "$ఎఫ్" > తాత్కాలికం && క్యాట్ తాత్కాలికం > "$ఎఫ్"; డన్
```

దీనికి ముందు గిట్‌లో అన్నీ కమిట్ చేసి ఉంచండి.

నిజంగా ఏమీ చెడలేదని తేల్చుకోవడం

కొత్త ఫైలును పాతదానితో పోల్చాలి. రెండు ఫైళ్ల తేడాలు చూపించే డిఫ్‌కు హైఫన్ డబ్ల్యూ ఇస్తే ఖాళీల తేడాలను పట్టించుకోదు. అది సరిపోతుందనుకుంటారు గానీ, స్ట్రింగ్ మధ్యలో దూరిన ట్యాబ్‌ను కూడా అది "ఖాళీయే కదా" అని వదిలేస్తుంది. అంతకన్నా గట్టి పరీక్ష, రెండు ఫైళ్లలోనూ లైను మొదటి ట్యాబ్‌లను మాత్రమే విప్పి పోల్చడం. ఎక్స్‌పాండ్‌కు హైఫన్ ఐ ఇస్తే గ్నూ వెర్షన్ మొదటి ఖాళీలనే విప్పుతుంది:

```
ఎక్స్‌పాండ్ -ఐ -టి 4 పాత.సి > ఒకటి
ఎక్స్‌పాండ్ -ఐ -టి 4 కొత్త.సి > రెండు
డిఫ్ ఒకటి రెండు
```

డిఫ్ ఏమీ చెప్పకుండా ఊరుకుందంటే మారింది ఇండెంటే, ఇంకేమీ కాదు. ఏదైనా లైను చూపిస్తే మధ్యలో ఎక్కడో చెయ్యి పడిందన్నమాట.

మేక్‌ఫైల్ సంగతి

మొదలుపెట్టింది దీంతోనే కాబట్టి కాస్త వివరంగా. మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. రెసిపీ లైను, అంటే మేక్ నడపాల్సిన కమాండ్ ఉన్న లైను, ట్యాబ్‌తోనే మొదలవ్వాలన్న నియమం అప్పటిది. దాన్ని మార్చాలనిపించేసరికే డజను మంది దాకా వాడుతున్నారని, వాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక అలాగే ఉంచేశానని ఆయనే తర్వాత చెప్పారు. ఆ డజను మంది మొహమాటానికి యాభై ఏళ్లుగా మనం ట్యాబ్‌లు వెతుక్కుంటున్నాం.

ముందు ఫైల్లో రెసిపీ లైన్లకు ఎన్ని స్పేస్‌లు ఉన్నాయో చూడండి. రెండుంటే హైఫన్ టి 2, నాలుగుంటే 4. రెండు స్పేస్‌ల ఫైలుకు 4 ఇస్తే ఏమీ మారదు, అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. సరిగ్గా ఎనిమిది స్పేస్‌లుంటే గ్నూ మేక్ తనే "ఎనిమిది స్పేస్‌లకు బదులు ట్యాబ్ అనుకున్నారా" అని అడుగుతుంది. ఆ ఫైలుకు ఆప్షన్లే అవసరం లేదు.

ఒక జాగ్రత్త ఉంది. మేక్‌ఫైల్లో ఇఫ్ఈక్యూ, ఎండిఫ్ లాంటి షరతుల లైన్లను కొందరు లోపలికి జరిపి రాస్తారు. వాటి ముందు స్పేస్‌లుంటే గ్నూ మేక్ పట్టించుకోదు. ట్యాబ్ ఉంటే ఒప్పుకోదు, అది రెసిపీ లైనేమో అనుకుంటుంది. ఫైలంతా అన్‌ఎక్స్‌పాండ్ చేస్తే ఈ లైన్ల ముందు కూడా ట్యాబ్ వచ్చి కూర్చుంటుంది. షరతుల మధ్య జరిపి రాసిన వేరియబుల్ లైన్లకూ అదే గతి పట్టొచ్చు. మార్చాక వాటిని వెతికి వెనక్కి స్పేస్‌లు పెట్టండి. ఆ తర్వాత మేక్‌ను హైఫన్ ఎన్ తో నడిపితే ఏయే పనులు చేయబోతుందో చేయకుండానే చూపిస్తుంది.

ఇంత చేసినా "మిస్సింగ్ సెపరేటర్" పోలేదా? కాపీ చేసిన చోటి నుంచి మామూలు స్పేస్‌లకు బదులు నాన్-బ్రేకింగ్ స్పేస్‌లు వచ్చి ఉండొచ్చు. కంటికి రెండూ ఒకటే, అన్‌ఎక్స్‌పాండ్‌కు మాత్రం అవి ఖాళీలు కావు, అక్షరాలు. క్యాట్ హైఫన్ టి తో చూస్తే అలాంటి చోట ఎం-బీఎం- అనే విచిత్రమైన గుర్తులు కనిపిస్తాయి. ఎడిటర్లో ఆ ఖాళీని ఒకదాన్ని కాపీ చేసి, వెతికే పెట్టెలో పెట్టి, మామూలు స్పేస్‌తో అన్నింటినీ మార్చేశాక అన్‌ఎక్స్‌పాండ్‌కు ఇవ్వండి.

ముందే కలగాపులగంగా ఉన్న ఫైలు

పాత సీ ఫైళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. మొదటి మెట్టుకు నాలుగు స్పేస్‌లు, రెండో మెట్టుకు ఒక ట్యాబ్, మూడోదానికి ట్యాబ్ పక్కన నాలుగు స్పేస్‌లు. రాసినవాళ్ల ఎడిటర్ ట్యాబ్‌ను ఎనిమిదిగా లెక్కేసిందన్నమాట. మనం పైన ఆప్షన్లు లేకుండా నడిపినప్పుడు వచ్చింది కూడా సరిగ్గా ఇదే. దీన్ని నేరుగా హైఫన్ టి 4 తో నడిపితే ఉన్న ట్యాబ్‌ను నాలుగు గళ్లే అనుకుంటుంది, మొదటి, రెండో మెట్లు కలిసిపోతాయి. అందుకే ముందు ఎనిమిది లెక్కన విప్పి, ఆ తర్వాత నాలుగు లెక్కన మడవాలి:

```
ఎక్స్‌పాండ్ -ఐ -టి 8 పాత.సి | అన్‌ఎక్స్‌పాండ్ --ఫస్ట్-ఓన్లీ -టి 4 > కొత్త.సి
```

ఇంకో చిక్కు కూడా ఉంది, దానికి ఇంత తేలికైన మందు లేదు. ఫంక్షన్ కాల్ పొడుగై రెండో లైనులోకి వెళ్లినప్పుడు, పైన ఉన్న బ్రాకెట్ కిందికి సరిపోయేలా స్పేస్‌లు పెట్టి ఉంటారు. అది ఇండెంట్ కాదు, పొందిక. అన్‌ఎక్స్‌పాండ్‌కు ఈ రెండింటికీ తేడా తెలియదు, అన్నీ లైను మొదటి ఖాళీలే దానికి. ట్యాబ్‌ను నాలుగుగా చూసేవాళ్లకు బొమ్మ చెక్కుచెదరదు, ఎనిమిదిగా చూసేవాళ్లకు రెండో లైను ఎక్కడికో ఎగిరిపోతుంది. అలాంటి కోడ్ ఎక్కువగా ఉంటే ఆ భాష తెలిసిన ఫార్మాటర్ వాడటమే మేలు. గో భాషకైతే గోఎఫ్ఎంటీ ఉండనే ఉంది, అది ఇండెంట్లకు ట్యాబ్‌లే పెడుతుంది.

తెలుగు టెక్స్ట్ ఉంటే

అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. "తెలుగు" అనే మాటలో హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు, మొత్తం ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. తెర మీద కనిపించేది మూడక్షరాలే. వాడుకలో ఉన్న అన్‌ఎక్స్‌పాండ్ వెర్షన్లలో చాలా వాటికి గడి అంటే బైటే. "తెలుగు" తర్వాత పద్దెనిమిది గళ్లు దాటేశాననుకుని స్టాప్‌ను తప్పుడు చోట వెతుకుతుంది. కాబట్టి తెలుగు మాటలున్న ఫైళ్ల మీద హైఫన్ ఎ వాడకండి. లైను మొదటి ఖాళీలకు ఈ సమస్య లేదు, వాటికి ముందు అక్షరాలే ఉండవు కదా.

చూసుకునేటప్పుడు క్యాట్ హైఫన్ టి తెలుగును గజిబిజి గుర్తులుగా చూపిస్తుంది. లినక్స్‌లో పెద్ద టి ఇస్తే తెలుగు తెలుగులాగే ఉండి ట్యాబ్‌లు మాత్రమే బయటపడతాయి.

అన్‌ఎక్స్‌పాండ్ చేయని పని

కొందరు కాలమ్‌లుగా ఉన్న పట్టికను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడానికి దీన్ని వాడి, కాలమ్‌లు ఒకచోట సరిగ్గా, ఇంకోచోట చెదిరి వస్తున్నాయని విసుక్కుంటారు. చెదరక తప్పదు. ఒక వరసలో కాలమ్‌ల మధ్య రెండు ట్యాబ్‌లు వస్తాయి, ఇంకో వరసలో ఒకటి, వేరేచోట ట్యాబ్, స్పేస్ రెండూ. అన్‌ఎక్స్‌పాండ్ కాపాడేది కంటికి కనిపించే ఆకారాన్ని. మీకు కావాల్సింది కాలమ్‌కు ఒక్క ట్యాబ్. దానికి టిఆర్ అనే రెండక్షరాల కమాండ్ వాడాలి:

```
టిఆర్ -ఎస్ ' ' '\టి' < పట్టిక > పట్టిక.టీఎస్‌వీ
```

వరసగా ఎన్ని స్పేస్‌లున్నా ఒకే ట్యాబ్ అవుతుంది. ఒక గడిలోనే రెండు పదాలుంటే వాటి మధ్య కూడా ట్యాబ్ పడుతుంది, అది చూసుకోవాలి.

సెట్టింగ్‌లు రాసుకునే యామల్ ఫైళ్ల జోలికి మాత్రం అసలు వెళ్లకండి, ఇండెంట్‌లో ట్యాబ్ ఉండకూడదనేది ఆ ఫార్మాట్ నియమం. పైథాన్‌లోనూ సాధారణ ఆనవాయితీ నాలుగు స్పేస్‌లే. షెల్ స్క్రిప్టుల్లో మాత్రం ఒకచోట ట్యాబ్ నిజంగా పనికొస్తుంది. హియర్-డాక్యుమెంట్‌ను (స్క్రిప్టులోనే రాసి కమాండ్‌కు అందించే టెక్స్ట్) రెండు ఎడమ బాణాలు, హైఫన్‌తో మొదలుపెడితే షెల్ ప్రతి లైను మొదట్లోని ట్యాబ్‌లను తీసేస్తుంది, స్పేస్‌లను తీయదు. స్పేస్‌లతో రాసినదాన్ని అలా వాడాలంటే ముందు అన్‌ఎక్స్‌పాండ్ గుండా పంపాలి.

గిట్‌లో దీన్ని కమిట్ చేసేటప్పుడు ఇండెంట్ మార్పును ఒక్కదాన్నే విడి కమిట్‌గా పెట్టండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఏ లైను ఎవరు రాశారని బ్లేమ్ నడిపితే ప్రతి లైనుకూ మీ పేరే వస్తుంది. బ్లేమ్‌కు హైఫన్ డబ్ల్యూ ఇస్తే ఖాళీల మార్పులను దాటుకుని వెనక్కి చూస్తుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి అలాంటి కమిట్ల నంబర్లను ఒక ఫైల్లో రాసిపెట్టి, బ్లేమ్ వాటిని పట్టించుకోకుండా చేసే వీలు కూడా ఉంది. ఆ పని ఇండెంట్ మార్చిన రోజే చేయండి, తర్వాత ఆ కమిట్ నంబరు వెతకడం ఇంకో పని అవుతుంది.